ఆ మెట్టు మీద ఆగితేనే కనిపిస్తుంది!

ఎప్పుడో పూర్వం నేరం జరిగిన ఇంటిని కంప్యూటర్లో గదులూ తలుపులతో సహా తిరిగి కట్టడం... వినడానికి విడ్డూరంగా ఉన్నా కొందరికి ఇదో సరదా. ఇటుకలూ సిమెంటూ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఓపికతోపాటు మరొకటి కూడా కావాలని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది!

“ఎవరిల్లే ఇది? ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూరుతూ పోవడమేనా? నడవా లేదూ?”

ఓ ఆదివారం మధ్యాహ్నం నా భుజం మీంచి కంప్యూటర్లోకి తొంగిచూస్తూ మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆవిడ మండువా ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ ఎవరు ఏ గదిలోకి వెళ్లినా మధ్యలో కూర్చున్నవాళ్ల కంట పడాల్సిందే. అలాంటి ఆవిడకి ఈ ఇల్లు వింతగా తోచిందంటే తోచదూ మరి!

తనకి తెలియకుండానే అమ్మ అసలు విషయం పట్టేసింది. ఆ ఇంటి కథలో సగం నడవా లేకపోవడంలోనే ఉంది.

గంటన్నర తేడా

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్ రివర్ అని బట్టల మిల్లుల ఊరు. అక్కడ సెకండ్ స్ట్రీట్‌లో 1845లో కట్టిన ఓ చెక్క ఇల్లు ఉంది. రెండు కుటుంబాల కోసం కట్టిన ఆ ఇంటిని ఆండ్రూ బోర్డెన్ అనే ధనవంతుడు కొని, ఒక కుటుంబం ఉండేలా మార్చుకున్నాడు. 1892 ఆగస్టు 4 ఉదయం ఆ ఇంట్లో రెండు హత్యలు జరిగాయి. మేడ మీద అతిథుల గదిలో సుమారు తొమ్మిదిన్నరకి ఆయన రెండో భార్య అబీ, కింద కూర్చునే గదిలో సోఫా మీద సుమారు పదకొండింటికి ఆండ్రూ చనిపోయారు. ఆ సమయంలో ఇంటి పట్టున ఉన్నది ఇద్దరే... మొదటి భార్య కూతురు, 32 ఏళ్ల లిజీ. పనిమనిషి బ్రిజెట్ సలివన్. పోలీసులు లిజీని అరెస్టు చేశారు. 1893 జూన్‌లో కోర్టు ఆమెను నిర్దోషి అంది. ఆ తర్వాత మరెవరికీ శిక్ష పడలేదు.

రెండు హత్యలకీ మధ్య గంటన్నర తేడా ఉంది కదా! బయటివాడెవడో చేస్తే అంతసేపు ఆ ఇంట్లో ఎక్కడ నక్కాడు? ఇంట్లోవాళ్లే చేస్తే రెండోవాళ్ల కంట పడకుండా ఎలా తిరిగారు? మాటలతో తేలే ప్రశ్నలు కావివి. గోడలూ మెట్లూ తలుపులూ చూడాల్సిందే. అందుకే నేరాల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇలాంటి ఇళ్లను కంప్యూటర్లో మళ్లీ కడుతుంటారు. నేనూ అలాగే మొదలెట్టాను.

కొలతలతో మొదలు

స్కెచప్, బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్లుంటే చాలు. బ్లెండర్ అయితే పూర్తిగా ఉచితం. ముందు కావాల్సింది ఇంటి పటం. పాత కోర్టు పత్రాల్లో దొరకొచ్చు. అమెరికా పట్టణాలకైతే అగ్నిప్రమాద బీమా కోసం సాన్‌బోర్న్ సంస్థ గీసిన పటాలున్నాయి. అంగుళానికి 50 అడుగుల లెక్కన, ఏ కట్టడం దేనితో కట్టారో కూడా అందులో చూపిస్తారు.

తర్వాత ఫొటోలు. బోర్డెన్ ఇంట్లో హత్యలు జరిగిన రోజే తీసినవి ఉన్నాయి. ఫొటోలో నేల అంచులూ కప్పు అంచులూ దూరం పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా, ఆ గీతల్ని పట్టుకుంటే కెమెరా ఎక్కడ పెట్టారో తెలుస్తుంది. ఒక్క తలుపు ఎత్తు తెలిస్తే చాలు, చాలావరకు మిగతావన్నీ లెక్కకి వస్తాయి.

ఊరి అక్షాంశం, తేదీ, సమయం ఇస్తే ఎండ ఏ కిటికీలోంచి పడేదో కూడా కంప్యూటరే చూపిస్తుంది. నేనిక్కడే బోర్లా పడ్డాను. వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరిపే పద్ధతి అమెరికాలో 1918లో వచ్చింది. ఆ సంగతి మరిచి ఇప్పటి లెక్కన పదకొండు అని కొట్టాను. నా ఇంట్లో నీడలన్నీ గంటసేపు తప్పుగా పడ్డాయి!

ఇదేమీ కొత్త ముచ్చట కాదు. ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే అమెరికన్ మహిళ 1940ల్లో బొమ్మరిళ్లతో ఇదే పని చేశారు. నిజమైన కేసుల ఆధారంగా, అడుగుకి అంగుళం లెక్కన మృతి చెందినవారి గదుల్ని తయారుచేసి, ఆధారాల్ని ఎలా గమనించాలో పోలీసులకి నేర్పించారు. ఆ బొమ్మల మేజోళ్లు కూడా ఆవిడే అల్లారట!

కనిపించడం వేరు... చూడటం వేరు

ఇంట్లో ముందు మెట్లు ఎక్కితే అతిథుల గదీ లిజీ గదీ వస్తాయి. వెనక మెట్లు ఎక్కితే పెద్దవాళ్ల గది. మధ్యలో ఉన్న తలుపు మూసేసి ఉంచేవారు. అంటే అబీ ఉన్న గదికి దారి ముందు మెట్లే.

ఆండ్రూ ఇంటికొచ్చినప్పుడు ముందు తలుపు తీస్తుంటే మేడ మీంచి లిజీ నవ్వు వినిపించిందని బ్రిజెట్ చెప్పింది. లిజీ ఒకసారి మేడ మీద ఉన్నానంది, ఇంకోసారి వంటింట్లో అంది. సరే, మేడ మీదే ఉందనుకుందాం. మెట్లు దిగేటప్పుడు మంచానికి అవతల పడి ఉన్న మనిషి ఆమెకి కనిపించాలి కదా?

ఇల్లు కొలిచిన ఇంజినీరు థామస్ కీరన్ దీన్ని అప్పుడే పరీక్షించాడు. తన సహాయకుణ్ని అక్కడ పడుకోబెట్టి మెట్లు ఎక్కి దిగాడు. మామూలుగా నడిస్తే కనిపించలేదు. కళ్లు పైఅంతస్తు నేలకి కాస్త ఎత్తులోకి వచ్చేచోట ఆగి, కావాలని చూస్తేనే కనిపించాడని కోర్టులో చెప్పాడు.

నేనూ కంప్యూటర్లో కెమెరాని కంటి ఎత్తులో పెట్టి మెట్లెక్కించాను. మంచం కింద ఆ సందు కనిపించినట్టే కనిపించి మాయమైంది! కానీ ఆరోజు అబీని వెతుక్కుంటూ అవే మెట్లెక్కిన పక్కింటావిడకీ బ్రిజెట్‌కీ కనిపించింది. వెతికే కళ్లు కాబట్టి కనిపించింది. మనం కట్టిన ఇల్లు ‘ఇక్కణ్నుంచి కనిపిస్తుంది’ అని చెప్పగలదు. ‘చూసింది’ అని మాత్రం చెప్పలేదు. ఈ సరదాలో ఉన్న గొప్ప పాఠం ఇదే. తెరమీద ఇల్లు ఎంత నిజంలా ఉంటే, మనం ఊహించి పెట్టింది కూడా అంత నిజమనిపిస్తుంది. నలుపు-తెలుపు ఫొటో చూసి గోడకి గులాబీరంగు వేశామనుకోండి, నాలుగు రోజులకి అది మనకే చరిత్ర అయిపోతుంది. అందుకే నేనో నియమం పెట్టుకున్నాను... ఆధారం ఉంటేనే రంగు. లేకపోతే బూడిదరంగే!

ఆ డబ్బా ఏంటే?

ఇవన్నీ అమ్మకి ఉత్సాహంగా చూపిస్తున్నాను. అతిథుల గదిలో మంచం పక్కనున్న బూడిదరంగు డబ్బా దగ్గర ఆవిడ వేలు ఆగింది.

“అదేంటి?”

“అదా... శవం-1 అమ్మా.”

“పేరు లేదా ఆవిడకి?”

నా నోరు పెగల్లేదు. సోఫా కాళ్ల ఆకారం కోసం మూడు సాయంత్రాలు కూర్చున్నదాన్ని, ఆవిడకి పేరు కూడా రాయలేదు. అమ్మ అడుగుతుంటే చెప్పుకొచ్చాను. అబీకి 64 ఏళ్లు. లిజీ మేనమామ, అంటే ఆండ్రూ మొదటి భార్య తమ్ముడు ముందురోజు వచ్చి ఆ గదిలో పడుకున్నాడు. పొద్దున ఆ గది సర్ది, దిండ్లకి గలేబులు తొడగడానికి అబీ మేడెక్కింది. మళ్లీ దిగలేదు.

“చుట్టం పక్క సర్దడానికి వెళ్లిందా... పాపం!” అంది అమ్మ. లిజీ పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, రాత్రి బస కూడా చేయొచ్చు. అబీ గురించి నా ఎదురుగా ఒకరు ‘పాపం’ అనడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే డబ్బా మీది పేరు మార్చాను... ‘అబీ బోర్డెన్, 64’. కింద సోఫా దగ్గర ‘ఆండ్రూ బోర్డెన్, 69’.

“ఆ చేత్తోనే మన మండువా ఇల్లు కూడా కట్టవే” అంది అమ్మ వెళ్తూ వెళ్తూ. ఆ ఇల్లు పడగొట్టి చాలా ఏళ్లయింది, ఫొటోలు రెండే ఉన్నాయి. మొదలెట్టాను. వంటింటి తలుపు ఆకుపచ్చ అంటుంది అమ్మ. కాదు నీలం అని ఫోన్లో పిన్ని. ఇద్దరూ ఆ గడప తొక్కుతూ పెరిగినవాళ్లే!

ప్రస్తుతానికి ఆ తలుపు బూడిదరంగులోనే ఉంది.