పాలిచ్చే గదులున్నాయి.. ఊడ్చేవారేరీ?

(మా గ్రామీణ విలేఖరి)

ప్రొద్దుటూరు: పెళ్లి జవళి తీయాలన్నా, తాళిబొట్టు చేయించాలన్నా చుట్టుపక్కల పల్లెలకు ప్రొద్దుటూరే దిక్కు. చాపాడు, రాజుపాలెం, మైదుకూరు, జమ్మలమడుగు, ముద్దనూరు వైపుల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రానికి మూటలతో తిరిగిపోయేవారు ముహూర్తాల రోజుల్లో కొల్లలు. వారిలో చంటిబిడ్డల తల్లులు కూడా ఉంటారు. మూడంతస్తుల, నాలుగంతస్తుల బట్టల అంగళ్లు వెలిశాక వీరి కోసం కొన్నిచోట్ల ‘పాలిచ్చే తల్లుల గది’ అని బోర్డు పెట్టారు. మంచి పనే. అయితే తలుపు తీసి లోపలికి తొంగిచూస్తే ఆ మంచి ఎంతవరకు మిగిలిందో తెలుస్తుంది.

ఈ మధ్య బంధువుల ఇంట పెళ్లికి జవళి తీయడానికి ఈ విలేఖరి కుటుంబం ఒక పెద్ద అంగడికి వెళ్లింది. ఇంటావిడ చంకలో ఐదు నెలల బిడ్డ. పట్టుచీరలు పరిచిన అరగంటకే బిడ్డ ఏడుపు లంకించుకుంది. గది ఎక్కడుందని అడిగితే రెండో అంతస్తులో మరుగుదొడ్ల పక్కన చూపించారు. తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన అన్నానికి పోయాడట. ఆయన వచ్చేదాకా బిడ్డను భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడాల్సి వచ్చింది. తీరా తలుపు తీస్తే లోపల ఖాళీ అట్టపెట్టెలు, చేతులు విరిగిన ప్లాస్టిక్ బొమ్మలు, ఒక కాలు వంగిన కుర్చీ. బిడ్డకు గుడ్డలు మార్చే బల్ల మీద ఎండిపోయిన మరక. బల్ల కింద ఎవరో వదిలేసిన డైపరు. ఫ్యాను తిరగదు. లోపలి గడియ పడదు. చేయి కడుక్కుందామంటే కొళాయి లేదు. చివరకు బట్టలు తొడిగి చూసుకునే గదిలో నిలబడి, అత్త తువాలు అడ్డం పట్టుకుంటే, బిడ్డకు పాలు పట్టింది.

ఇది ఒక్క అంగడి కథ కాదు. తర్వాత ఇంటి ఆడవాళ్ల చేత మరికొన్ని చోట్ల చూపించగా తేలిందేమిటంటే, గది లేనిచోటి బాధ వేరు, ఉన్నచోటి బాధ వేరు. లేనిచోట తల్లి ఏదో ఒక మూల వెతుక్కుంటుంది. ఉన్నచోట అది శుభ్రంగా ఉంటుందని నమ్మి బిడ్డను ఆ బల్ల మీద పడుకోబెడుతుంది. ప్రమాదం అక్కడే ఉంది.

బల్ల మీద మరకే కదా అనుకోరాదు

పసిబిడ్డల విరేచనాలకు ఒక పెద్ద కారణం రోటా వైరస్. ఇది ఒక బిడ్డ మలంలో నుంచి చేతుల ద్వారా, వస్తువుల ద్వారా మరో బిడ్డ నోటికి చేరుతుంది. బల్లల మీద, తలుపు పిడుల మీద రోజుల తరబడి బతికి ఉండగలదు. పొద్దున్నుంచి మాపటి దాకా ఎందరో బిడ్డలకు గుడ్డలు మార్చే బల్లను తుడవకుండా వదిలేస్తే జరిగేదేమిటో వేరే చెప్పనక్కరలేదు. ఈ వైరస్‌కు టీకా ఉంది. 2016లో కేంద్రం జాతీయ టీకాల కార్యక్రమంలో దీన్ని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో చుక్కలుగా వేస్తారు. అయితే విరేచనాలు తెచ్చే క్రిములు ఇదొక్కటే కాదు. టీకా వేయించాం కదా అని మురికి బల్ల మీద పడుకోబెట్టడానికి వీల్లేదు.

ఫినాయిలు వాసన వస్తే గది శుభ్రంగా ఉన్నట్లేనని మనలో చాలామందికి ఒక నమ్మకం. అది సరి కాదు. ముందు మరకను తుడిచేయాలి. తర్వాత సబ్బునీళ్లతో కడగాలి. ఆపైన బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు పూసి, కాసేపు ఉంచి, మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వాలి. మరక మీదనే ఫినాయిలు చల్లితే వాసన మారుతుంది గాని మురికి పోదు.

గదిలో పాలిచ్చే కుర్చీకీ, గుడ్డలు మార్చే బల్లకూ ఎడం ఉండాలి. రెంటికీ నడుమ చేతులు కడుక్కునే కొళాయి, సబ్బు ఉండాలి. పాలిచ్చే ముందు రొమ్మును ప్రతిసారీ కడగాల్సిన పనిలేదు, రోజూ చేసే స్నానం చాలు. చేతులు మాత్రం సబ్బుతో కడగవలసిందే. కొళాయి లేని గది ఎంత అందంగా రంగులు వేసినా సగం గదే.

గది బాగాలేకపోతే సీసా వస్తుంది

మొదటి నెలల్లో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అంటే రెండు మూడు గంటలకు ఒకసారి. పల్లె నుంచి వచ్చి, జవళి తీసి, బస్సుకు కాచుకుని తిరిగి ఇల్లు చేరేసరికి ఎంత లేదన్నా ఆరేడు గంటలు. ఈలోగా రెండు మూడు సార్లయినా పాలివ్వక తప్పదు. చోటు లేక ఇవ్వకపోతే బిడ్డకు ఆకలి, తల్లికి రొమ్ములు గట్టిపడి నొప్పి. నలుగురిలో రవిక తడిసిన తల్లి పడే సిగ్గు చెప్పుకునేది కాదు.

అప్పుడు ఎవరో ఒక పెద్దావిడ నాలుగు చుక్కలు నీళ్లు పట్టమంటుంది. ఇంకొకరు టీలో బిస్కెట్ అద్ది నాకిస్తారు. మరుసటిసారి పట్నం వచ్చేటప్పుడు సంచిలో పాలసీసా వస్తుంది. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ, నీళ్లతో సహా, పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. మే నెలలో మన సీమ ఎండలకు కూడా బిడ్డ దప్పిక ఆ పాలతోనే తీరుతుంది. తరచుగా పట్టగలగాలి, అంతే. ఆ తరచుగా పట్టే వీలునే మురికి గది పోగొడుతోంది. అంగట్లో ఒక కుర్చీ తుడవకపోవడానికీ, ఊళ్లో ఒక బిడ్డ సీసాపాలకు అలవాటు పడటానికీ ఉన్న సంబంధం ఇదే.

1992లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బాపాలు, పాలసీసాల ప్రకటనలను నిషేధించింది. ఆ చట్టం ఉద్దేశం తల్లిపాలను కాపాడటం. ప్రకటన లేకపోయినా, తల్లికి కూర్చునే చోటు లేకపోతే సీసా దానంతటదే ఇంటికి వస్తుంది.

ఎవరి పని?

గది మురికిగా ఉండటానికి అంగడివారి దుర్మార్గం కారణమని అనలేం. అసలు కారణం అది ఎవరి పనీ కాకపోవడం. ఊడ్చే మనిషికి మెట్లు, హాలు, మరుగుదొడ్లు అప్పజెప్పి ఉంటారు. తాళం వేసిన గదిని ఆమె దాటిపోతుంది. అజమాయిషీ చేసే మేనేజరు మగమనిషి, ఆడవాళ్ల గదిలోకి పోడు. పోకూడదు కూడా. తనిఖీకి వచ్చే అధికారి మగవాడైతే ఆయనకూ అదే అడ్డంకి. ఇక వాడుకునే తల్లి ఫిర్యాదు చేయదు. అత్తమామలు, మరుదులు చుట్టూ ఉండగా గల్లాపెట్టె దగ్గరకు పోయి పాలిచ్చే గది బాగాలేదని ఏ కోడలు అనగలదు? చూసేవారు లేరు, అడిగేవారు లేరు. అలాంటి గది అట్టపెట్టెల కొట్టుగా మారడంలో వింతేముంది?

అంగడివారి మాట కూడా వినాలి. గది తెరిచి ఉంచితే అందులో కూర్చుని పులిహోర తిని ఆకులు పడేసిపోతున్నారని, నిద్రపోతున్నారని, డైపర్లు మరుగుదొడ్డిలో వేసి గొట్టాలు పూడ్చేస్తున్నారని, ఒక్కోసారి కొత్త చీరలు గదిలోకి చేరి మాయమవుతున్నాయని వారు అంటున్నారు. ఇందులో నిజం లేకపోలేదు. డైపరు కట్టుకొచ్చే అలవాటు పల్లెలకూ వచ్చింది గాని, విప్పినదాన్ని కాగితంలో చుట్టి చెత్తడబ్బాలో వేసే అలవాటు ఇంకా రాలేదు. వాడిన డైపర్లను విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలలోనే రాశారు. అయితే దొంగతనానికి మందు గల్లాపెట్టె దగ్గర ఉండాలి గాని, పాలిచ్చే గదికి తాళం వేయడం కాదు.

ఒక అంగట్లో మాత్రం గది చక్కగా కనిపించింది. పెద్దదేమీ కాదు, రెండు కుర్చీలు పట్టేంత. లోపల గడియ ఉంది, సబ్బు ఉంది, మూతున్న చెత్తడబ్బా ఉంది. గోడకు ఒక పలక వేలాడుతోంది. ఊడ్చే ఆమె ప్రతి రెండు గంటలకు బల్ల తుడిచి, పలక మీద వేళ రాసి గుర్తు పెడుతుంది. రోజుకొకసారి బిల్లులు రాసే అమ్మాయి వెళ్లి చూస్తుంది. అయిన ఖర్చు పలక, సుద్దముక్క, సబ్బుబిళ్ల. డబ్బు లేక ఎక్కడా ఆగలేదని, పని ఒకరి పేరు మీద పెట్టకపోవడం వల్లనే ఆగిందని దీన్ని బట్టి తెలుస్తోంది.

కోర్టు చెప్పింది.. తాళం ఎవరు తీయాలి?

ఇది మన ఊరి గొడవ మాత్రమే కాదు. 2018లో తొమ్మిది నెలల పసివాడి తరఫున, బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు కావాలని ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ వేశారు. అదే సంవత్సరం కోల్‌కతాలోని ఒక పెద్ద మాల్‌లో ఒక తల్లిని మరుగుదొడ్డిలో పాలిచ్చుకోమన్నారన్న వార్త దేశమంతా గగ్గోలు పుట్టించింది. 2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ప్రసన్న బి.వరాలేల ధర్మాసనం ఈ విషయంపై తీర్పు చెప్పింది. తల్లిపాలు తాగడం బిడ్డ జీవించే హక్కులో భాగమని, కొత్తగా కట్టే ప్రభుత్వ భవనాల్లో ఇందుకు చోటు ఉంచాలని, ఉన్నవాటిలో వీలైనంత వరకు ఏర్పాటు చేయాలని పేర్కొంది. కేంద్రం 2024 ఫిబ్రవరి 27న రాష్ట్రాలకు రాసిన లేఖను మళ్లీ గుర్తు చేయమంది. పాలిచ్చే తల్లిని వింతగా చూడరాదని కూడా హితవు చెప్పింది.

గది కట్టినంత మాత్రాన పని తీరదని చెప్పడానికి పొరుగు రాష్ట్రమే సాక్ష్యం. వైద్యానికీ, వ్యాపారానికీ మనవాళ్లు తరచుగా వెళ్లే తమిళనాడులో 2015 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జయలలిత బస్టాండ్లలో పాలిచ్చే తల్లుల గదులు ప్రారంభించారు. దేశమంతా మెచ్చుకున్న పని అది. కొన్నేళ్లు తిరక్కుండానే అనేకచోట్ల తాళాలు పడ్డాయని, శుభ్రత లేదని అక్కడి పత్రికలే రాశాయి. ప్రారంభించడం ఒకరోజు పండుగ, ఊడ్చడం నిత్యం చేసే పని.

మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మగతోడు లేకుండా బిడ్డను చంకనేసుకుని పట్నం వచ్చే తల్లులు కనిపిస్తున్నారు. తువాలు అడ్డం పట్టే అత్త వెంట లేని తల్లికి గది మరింత అవసరం.

చేయదగినవి

మునిసిపాలిటీలో మహిళా ఉద్యోగులు ఉన్నారు. ఆరోగ్యశాఖలో ఏఎన్‌ఎంలు ఉన్నారు. నెలకొకసారి వారిలో ఒకరిని పెద్ద అంగళ్లకు పంపి గది చూసి రమ్మంటే మగ అధికారి అడ్డంకి తీరుతుంది. ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు జరిపే తల్లిపాల వారోత్సవాల్లో ఊరేగింపులతో పాటు ఈ గదుల తలుపులు కూడా తీసి చూడాలి. వర్తక సంఘం వారు తలుచుకుంటే తాళాలు ఒక్కరోజులో ఊడివస్తాయి. లోపల గడియ, కొళాయి, సబ్బు, మూతున్న చెత్తడబ్బా, వేళ రాసే పలక.. ఈ ఐదూ ఉంటే చాలు.

తల్లులు కూడా బల్ల మీద తమ గుడ్డ పరచి, ఆపైన బిడ్డను పడుకోబెట్టాలి. విప్పిన డైపరును చుట్టి డబ్బాలో వేయాలి. చేతులు కడుక్కోవాలి.

ఇక ఇంటి మగవాళ్లకు ఒక మాట. కోడలు అడగలేదు. మీరు అడగవచ్చు. పెళ్లి జవళికి వేలూ లక్షలూ పోసే కుటుంబానికి అంగట్లో కూల్‌డ్రింకు ఇచ్చి మర్యాద చేస్తారు. ఆ మర్యాదతో పాటు, చీరలు పరచకముందే, “పాలిచ్చే గది తాళం తీయించండి, ఒకసారి తుడిపించండి” అని పెద్దమనిషి ఒకరు అంటే అంగడివారు కాదనరు. పది కుటుంబాలు అడిగితే పదకొండో కుటుంబం వచ్చేసరికి ఆ గది తెరిచే ఉంటుంది.