ఫార్మాట్ కొట్టడం రిపేరు కాదు భాయ్!



జెర గుస్సాలోనే రాస్తున్నాను, మాఫ్ చేయండి.

పాత కంప్యూటర్ ఆన్ కావట్లేదని తీసుకెళ్తే మన పాల్వంచలో, కొత్తగూడెంలో, భద్రాచలంలో చాలా దుకాణాల్లో వచ్చే జవాబు ఒక్కటే: "ఫార్మాట్ కొట్టాలి భాయ్." స్లో అయిందా? ఫార్మాట్. వైరస్ వచ్చిందా? ఫార్మాట్. స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఏదో లైను వచ్చి ఆగిపోయిందా? ఆ లైను చదవనైనా చదవరు, ఫార్మాట్. జ్వరమని హకీమ్ దగ్గరికి పోతే "ఈ మనిషిని తీసేసి కొత్త మనిషిని పెడదాం" అన్నట్టుంది యవ్వారం. సాయంత్రానికి సీపీయూ తళతళా ఇంటికొస్తుంది. లోపల ఉన్నది మాత్రం రాదు.

నేను చెప్పేది ఒకటే. లోపలున్నది బయటికి తీసి భద్రం చేశాక ఫార్మాట్ కొడితే అది రిపేరు. తీయకుండా కొడితే ఖియానత్. ఆ డబ్బాలో ఉన్నది దుకాణం వాడి సొత్తు కాదు, దాన్ని బండి మీద పెట్టుకొని తెచ్చిన పిల్లగాడి సొత్తు కూడా కాదు. అది అమానత్.

"పాత డబ్బాలో ఏముంటది భాయ్, సినిమా పాటలు తప్ప?" అంటారు. 1990ల చివర, 2000ల మొదట్లో మన ఇళ్లల్లోకి, మస్జిద్ కమిటీ గదుల్లోకి, డీటీపీ సెంటర్లలోకి వచ్చిన విండోస్ 95, 98 మిషన్లు అవి. వాటిలో ఏమున్నాయో ఒకసారి యాద్ చేసుకోండి. శాదీ రుఖాలు, చందా హిసాబులు, ఖబ్రస్తాన్ నఖ్షాలు, మదర్సా హాజిరీలు, నికా సియాహాలోంచి ఎక్కించుకున్న పేర్లు. ఉర్దూ రాని మన బచ్చాల కోసం ఎవరో కూర్చొని తెలుగులోకి తర్జుమా చేసిన దీనీ పాఠాలు. ఎవరి మామూనో రాసుకుని, అచ్చు వేయించే తాహతు లేక ఆపేసిన కవితలు. తెలుగైతే అను ఫాంట్లలో, ఉర్దూ అయితే ఇన్‌పేజ్‌లో. తెలుగు ముసల్మాన్ల గురించి తెలుగు ముసల్మాన్లే రాసిన పుస్తకాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ లోటున్న కౌముకు ఇలాంటి డబ్బా ఒక్కటి పోయినా నఖ్సానే.

నాకు తెలిసిన ఒక మస్జిద్ కమిటీ సంగతి చెప్తాను. ఊరి పేరు వద్దు. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ మొదలుపెట్టి, వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లో ఎక్కించాలన్నది. ఆ చట్టం మీద నా అభిప్రాయం ఇంకోసారి రాస్తాను. కమిటీ వాళ్లు సందూక్ తెరిచి చూస్తే సగం కాగితాలు చెదలు తిన్నాయి. "పాత సదర్ సాబ్ అన్నీ కంప్యూటర్‌లో ఎక్కించారు గదా" అని ఒక పెద్దాయనకు గుర్తొచ్చింది. కంప్యూటర్ ఉంది. కానీ కొన్నేళ్ల కింద ఆన్ కావట్లేదని దుకాణానికి పంపితే, వాళ్లు ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసి పంపారు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. కమిటీ కూడా అడగలేదు. నా దగ్గరికి తెచ్చారు. మూడు రాత్రులు కూర్చున్నాను. రసీదుల ముక్కలు కొన్ని దొరికాయి, ఫైళ్ల పేర్లు పోయాయి. జమీన్ హద్దుల కాగితం దొరకలేదు. అది ఉన్న జాగాలో కొత్త విండోస్ కూర్చుంది. పెద్దాయన "అల్లాహ్ మర్జీ" అని లేచిపోయారు. నాకైతే మనసొప్పలేదు. మన గఫ్లత్‌కు అల్లాహ్ మర్జీ అని పేరు పెట్టొద్దు.

డిస్క్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీకూ గుస్సా వస్తుంది. ఆ కాలపు డిస్క్ మదర్సా రిజిస్టర్ లాంటిది. ఫలానా ఫైలు ఫలానా జాగాలో ఉంది అని ఒక జాబితా, ఆ జాబితా ప్రకారం సామాను. ఫైలు డిలీట్ చేస్తే డాస్ సామానును ముట్టదు. జాబితాలో ఆ పేరు మొదటి అక్షరం తీసేసి అక్కడ ఒక గుర్తు పెడుతుంది. అందుకే 1991లో వచ్చిన ఎమ్మెస్-డాస్ 5లో అన్‌డిలీట్ అని కొడితే, "మొదటి అక్షరం ఏంటో నువ్వే చెప్పు" అని అడిగేది. మిగతా పేరు దానికి తెలుసు. అదే డాస్‌లో అన్‌ఫార్మాట్ అనే కమాండ్ కూడా ఉండేది. ఫార్మాట్ కొట్టిన హార్డ్ డిస్క్‌ను కూడా వెనక్కి తెచ్చుకునే దారి అది. జాబితా పోయినా సామాను చాలావరకు అక్కడే ఉంటుంది కాబట్టి అది సాధ్యమైంది. దాన్ని ఖతం చేసేది ఆ వెంటనే మీద వేసే కొత్త విండోస్.

ఈ హునర్ ఇంకా పాతది. 1982లోనే పీటర్ నార్టన్ అనే ఆయన నార్టన్ యుటిలిటీస్ తెచ్చాడు. అందులో పేరు మోసింది పోయిన ఫైలును తిరిగి తెచ్చే అన్‌ఇరేజ్. చెక్‌డిస్క్ అనే డాస్ కమాండ్, జాబితాలో ఏ ఫైలుకూ చెందకుండా మిగిలిన ముక్కల్ని ఏరి ఫైల్0000.సీహెచ్‌కే అని పేరు పెట్టి పక్కన ఉంచేది. యతీమ్ బచ్చాల్ని రోడ్డు మీద వదలకుండా ఒక నీడకు చేర్చినట్టు. 1993లో డాస్ 6.2తో స్కాన్‌డిస్క్ వచ్చి, ఏ జాగా చెడిపోయిందో డిస్క్ మొత్తం తిరిగి చూపించేది. ఫ్లాపీ చదవకపోతే "అబార్ట్, రీట్రై, ఫెయిల్?" అని స్క్రీన్ మీద సవాల్ వచ్చేది. సబర్ ఉన్నవాడు రీట్రై కొట్టేవాడు. ఒక డ్రైవ్ చదవని ఫ్లాపీని ఇంకో డ్రైవ్ చదివేది, ఎందుకంటే రెండింటి హెడ్లు ఒకే గీత మీద నడవవు. అప్పటి మిస్త్రీలు ఇదంతా చేసి చూసేవాళ్లు. ఈ యుటిలిటీలన్నిటి ఉసూల్ ఒకటే: ముందు చూడు, తర్వాత ముట్టు.

ఇంకో మిసాల్. 386, 486 మిషన్లలో హార్డ్ డిస్క్ వివరాలు సీమాస్ అనే చిన్న జ్ఞాపకంలో ఉండేవి. దాన్ని బతికించేది బోర్డు మీది చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీ అయిపోతే తారీఖు తప్పేది, కంప్యూటర్ "హార్డ్ డిస్కే లేదు" అనేది. డిస్క్ భేషుగ్గా ఉండేది! బ్యాటరీ మార్చి, సెటప్‌లో డిస్క్ నంబర్లు మళ్లీ కొడితే చాలు. ఇది తెలియని చోట "హార్డ్ డిస్క్ పోయింది భాయ్, కొత్తది వేయాలి" అన్నారు, మనం జేబులో చేయి పెట్టాం. పాతది ఎక్కడికి పోయిందో అడిగామా?

ఇక వైరస్. ఆ పేరు వింటే మనవాళ్లకు జిన్ పట్టినంత భయం. 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్, పీసీ వైరస్‌లలో మొట్టమొదటిదిగా పేరు పడ్డది. అందులో వాళ్ల పేర్లు, దుకాణం పత్తా, ఫోన్ నంబర్ కూడా ఉన్నాయి. అది ఫ్లాపీ బూట్ సెక్టర్‌లో కూర్చొని, అసలు బూట్ సెక్టర్‌ను వేరే జాగాకు జరిపేది. ఫైళ్లను చెరపడం దాని పని కాదు. అలాంటి దానికి కూడా ఫ్లాపీ మొత్తం ఫార్మాట్ కొట్టేవాళ్లు. వైరస్ చేయని నఖ్సాన్ మనం చేసేవాళ్లం.

నిజంగా బర్బాద్ చేసే వైరస్ కూడా వచ్చింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్, అదే చెర్నోబిల్ వైరస్, ఆసియా అంతటా కంప్యూటర్లను పడగొట్టింది. హార్డ్ డిస్క్ మొదటి భాగాన్ని చెత్తతో నింపేసింది. బూట్ కాదు, డ్రైవ్ కనబడదు. ప్రపంచమంతా "పోయింది" అనుకుంది. ఢాకాలో ఇంజినీరింగ్ చదువుతున్న మొనీరుల్ ఇస్లామ్ షరీఫ్ అనే కుర్రాడు మాత్రం కూర్చొని ఆలోచించాడు. చెడింది మొదటి భాగమే. ఆ జాబితాకు డిస్క్ మీద రెండో నఖల్ ఉంటుంది. దాని ఆధారంగా మిగతాది లేపొచ్చు. ఎమ్‌రికవర్ అనే యుటిలిటీ రాసి ఉచితంగా పంచాడు. మనలాంటి పేద ముల్కులో, మనలాంటి ఇంట్లో పుట్టిన పిల్లగాడే. అతనికీ మనకూ ఫరక్ ఏంటంటే, అతను "ఫార్మాట్ కొట్టేయ్" అనలేదు.

మన దగ్గర ఇంకో బీమారీ ఉంది. అను ఫాంట్లలో కొట్టిన ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు కనబడతాయి. "ఫైలు కరప్ట్ అయింది" అని డిలీట్ కొడతారు. కరప్ట్ కాలేదు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల జాగాలో పెట్టుకున్నాయి, అంతే. ఆ ఫాంట్ వేస్తే చదవొచ్చు, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు కూడా ఉన్నాయి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు జాగా ఉంది గానీ, మామూలు ఇళ్లకు అది చేరింది 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంట్ తర్వాతే. ఆ లోపు మనం కొట్టిందంతా పాత సంకేతాల్లోనే ఉంది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ కథా అదే. నూరీ నస్తాలీఖ్ ముచ్చటగా కనబడేది, కానీ ఆ పాత ఫైలును ఇన్‌పేజ్ తప్ప వేరేది చదవలేదు.

ఈ బాధ మనకు కొత్త కాదు. నిజాం కాలంలో హుకూమత్ కాగితాలు ఉర్దూలో ఉండేవి. 1948 తర్వాత కాలం మారింది, బడులు మారాయి. దాదా గారి సందూక్‌లో జమీన్ దస్తావేజులు మిగిలాయి, షికస్తాలో రాసిన ఆ గీతలు చదివే మనవడు ఇంట్లో లేడు. కాగితం ఉంది, కాని గూంగా అయిపోయింది. కొన్ని ఇళ్లల్లో వాటిని పొయ్యిలో వేశారు, కొన్ని ఇళ్లల్లో దాచి చదివించుకుని జమీన్ నిలబెట్టుకున్నారు. అను ఫైళ్ల దగ్గర, ఇన్‌పేజ్ ఫైళ్ల దగ్గర మనం ఇప్పుడు అదే మలుపు మీద ఉన్నాం.

దుకాణం పిల్లగాడి మాట కూడా వినాలి, ఇన్సాఫ్ కోసం. "భాయ్, ఒక డిస్క్ మీద మూడు రాత్రులు కూర్చుంటే ఎవరిస్తారు మజూరీ?" అంటాడు. హఖ్ మాట. మనం ఫార్మాట్‌కు ఇచ్చే పైసలే ఇస్తాం, అందులోనూ బేరం ఆడతాం. ఇంజినీరింగ్ చదివి కాల్ సెంటర్‌లో కూర్చున్నవాడికి శాదీ సంబంధాలు వరస కడతాయి, బోర్డు విప్పి మర్జ్ కనిపెట్టేవాణ్ని "మిస్త్రీ గాడు" అంటాం. రేడియోలు, మోటర్లు, గడియారాలు, స్కూటర్లు బాగు చేసి ఇళ్లు నిలబెట్టిన కౌమ్ మనది. ఆ హునర్‌కు ఇజ్జత్ ఇవ్వకపోతే ఆ పిల్లగాడు ఎందుకు నేర్చుకుంటాడు? ఫార్మాట్ కొట్టి పంపుతాడు. ఆ గునాహ్‌లో మన హిస్సా కూడా ఉంది.

2024 ఆగస్టు 5న మన కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు నేలకూలుతుంటే వీడియోలు తీసుకున్నాం. ఆ యూనిట్లు మూతపడ్డాక, ఇక అక్కర్లేదని తేల్చుకున్నాకే వాటిని కూల్చారు. మన అటక మీది సీపీయూను కబాడీకి కిలోల లెక్కన తూచే ముందు ఆ పాటి విచారణ కూడా చేయం.

కాబట్టి నా దరఖాస్తు వినండి. పాత కంప్యూటర్ చెడితే దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు. దుకాణంలో ముందే చెప్పండి: "లోపలి ఫైళ్లు తీయండి, దానికి వేరే పైసలిస్తాను, నన్ను అడగకుండా ఫార్మాట్ వద్దు." ఆ మాట రసీదు మీద రాయించండి. హార్డ్ డిస్క్ విప్పి, యూఎస్‌బీ కన్వర్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నఖల్ తీయొచ్చు. జాబితా పోయిన డిస్క్‌కు టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే ఉచిత యుటిలిటీలు ఉన్నాయి. దొరికినవి వేరే డిస్క్ మీదే పెట్టాలి, అదే డిస్క్ మీద కాదు. ఫ్లాపీలుంటే ఇప్పుడే చదివించండి, ఫంగస్ పట్టాక చదివించడం కష్టం. అను ఫైళ్లను, ఇన్‌పేజ్ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, ఒక పీడీఎఫ్ కూడా తీసి, రెండు చోట్ల ఉంచండి. మస్జిద్ కమిటీలైతే ఈ పని ఒక నౌజవాన్‌కు అప్పజెప్పి మజూరీ కట్టండి. సున్నం వేయడానికి చందా పోగు చేస్తాం గదా, దీనికీ చేద్దాం.

జల్దీ ఎందుకంటే, పాత డిస్క్‌లు జెర దయగలవి. చెరిపినా దాచుకునేవి. కొత్తవి అలా కావు. విస్టా నుంచి విండోస్‌లో క్విక్ కాకుండా పూర్తి ఫార్మాట్ కొడితే డిస్క్ అంతా సున్నాలతో నిండిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో చెరిపింది కాసేపట్లోనే నిజంగా పోతుంది. ఇప్పటి ఫోన్లో ఫ్యాక్టరీ రీసెట్ కొడితే తాళంచెవే నాశనమవుతుంది, లోపలున్నది ఏ మిస్త్రీకీ దొరకదు. అబ్బా గొంతు, అమ్మీ ఆఖరి ఫొటో, అన్నీ ఇప్పుడు అందులోనే.

ఈ ఇతవారం అటక ఎక్కండి. ఆ డబ్బా మీది దుమ్ము తుడవండి. దాంట్లో ఎవరెవరి అమానత్ ఉందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. దుకాణానికి ఆ కాగితంతో పొండి.

ఖుదా హాఫిజ్.