వెలుతురు తాకితేనే మేల్కొనే మందు

మొన్న అసర్ నమాజు ముగిసిన తరువాత మా పాత శిష్యుడొకడు మదరసాకు వచ్చాడు. అతని తల్లికి నోటి క్యాన్సర్. ఏళ్ల తరబడి నమిలిన జర్దా పాన్ దీనికి కారణమని వైద్యులు చెప్పారట. రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే ఇంజెక్షన్ ఇస్తున్నారు. వాంతుల వల్ల ఆమెకు గుక్కెడు గంజి కూడా నిలవడం లేదు. అతడు ఫోనులో ఒక వీడియో చూపించి, “ఉస్తాద్, వెలుతురుతో క్యాన్సర్‌ను కాల్చే లోహపు మందు వచ్చిందంట. ఈ ఇంజెక్షన్లు ఆపేసి అమ్మీని అక్కడికి తీసుకుపోనా?” అని అడిగాడు. అడుగుతున్నప్పుడు అతని గొంతు వణికింది.

మేము వైద్యులము కాము. రెండు రోజులు గడువు తీసుకొని, లభించినంత చదివి, మాకు పరిచయమున్న ఒక క్యాన్సర్ వైద్యుణ్ణి కూడా అడిగాము. ఇటువంటి ప్రశ్న మరెన్నో ఇళ్లలో ఉండవచ్చు గనుక, గ్రహించిన విషయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మందును, వెలుతురును జతచేసి రోగాన్ని నయం చేయడం కొత్త ఆలోచన కాదు. 1248లో డమాస్కస్‌లో మరణించిన అందలూసియా పండితుడు ఇబ్న్ అల్ బైతార్, బొల్లి మచ్చలకు ఒక మొక్క గింజలను ఇచ్చి రోగిని ఎండలో కూర్చోబెట్టే పద్ధతిని తన ఔషధ గ్రంథంలో నమోదు చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఈజిప్టు శాస్త్రవేత్తలు ఆ గింజల నుండే మందును వేరుచేశారు. 1900లో మ్యూనిక్ నగరంలో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి మరొక విషయాన్ని గమనించాడు. ఒక రంగు ద్రావణంలో ఉంచిన సూక్ష్మజీవులు వెలుతురులో త్వరగా చనిపోతున్నాయి, చీకటిలో బతికి ఉంటున్నాయి. విషం రంగులో మాత్రమే లేదు, వెలుతురులో మాత్రమే లేదు. రెండూ కలిసినప్పుడే అది పుడుతున్నది.

ఇక లోహాల సంగతి. 1965లో అమెరికా శాస్త్రవేత్త బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియాపై విద్యుత్తు ప్రభావాన్ని పరిశీలిస్తుండగా, అవి విభజన చెందడం మానివేశాయి. కారణం విద్యుత్తు కాదు, తీగలలోని ప్లాటినం ద్రావణంలో కరిగి ఏర్పడిన సమ్మేళనం. సిస్‌ప్లాటిన్ అలా వెలుగులోకి వచ్చింది. 1978లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. నాటి నుండి అది ఎన్నో ప్రాణాలను నిలిపింది. అయితే అది రోగమున్న కణానికి, ఆరోగ్యమైన కణానికి భేదం చూడదు. వాంతులు, మూత్రపిండాలకు హాని, వినికిడి లోపం అందువల్లనే కలుగుతున్నాయి.

ఈ భేదాన్ని వెలుతురు ద్వారా సాధించవచ్చునా అన్నదే నేటి పరిశోధన. చీకటిలో దాదాపు నిద్రాణంగా ఉండే లోహ సమ్మేళనాన్ని ముందుగా ఇస్తారు. తరువాత సన్నని ఆప్టికల్ ఫైబర్ ద్వారా గడ్డ ఉన్న చోట మాత్రమే వెలుతురు ప్రసరింపజేస్తారు. బరువైన లోహ పరమాణువు ఆ వెలుతురు శక్తిని క్షణకాలం పట్టి ఉంచి, పక్కనున్న ఆక్సిజన్‌కు అందజేస్తుంది. అలా ఉద్రేకించిన ఆక్సిజన్ చుట్టూ ఉన్న కణాన్ని నాశనం చేస్తుంది. దాని ఆయుష్షు ఎంత స్వల్పమంటే, పుట్టిన చోటు నుండి ఒక కణం వెడల్పు కూడా ప్రయాణించలేదు. అందుచేత వెలుతురు పడని చోట హాని చాలా తక్కువ.

ఈ మార్గంలో కొంత దూరం నడిచిన మందులు ఉన్నాయి. పెలేడియం గల ఒక సమ్మేళనానికి 2017లో ఐరోపా యూనియన్ అనుమతినిచ్చింది. ప్రోస్టేట్ గ్రంథికి వచ్చే, తక్కువ ప్రమాదం గల క్యాన్సర్‌కు మాత్రమే అది వర్తిస్తుంది. మందు ఎక్కించి, గ్రంథిలో ఫైబర్లు అమర్చి, సుమారు 22 నిమిషాలు వెలుతురు ప్రసరింపజేస్తారు. కెనడాలో రుథీనియం సమ్మేళనాన్ని మూత్రాశయ క్యాన్సర్ రోగులలో పరీక్షిస్తున్నారు. మందును మూత్రాశయంలో నింపి, కడిగివేసి, లోపల ఆకుపచ్చ లేజర్ కాంతిని ప్రసరింపజేస్తారు. వెలుతురు తగిలినప్పుడే విడివడే ప్లాటినం సమ్మేళనాలపై బ్రిటన్‌లో జరుగుతున్న కృషి ఇంకా ప్రయోగశాల దాటలేదు.

పరిమితులు కూడా తెలియాలి. చీకటి గదిలో టార్చిని అరచేతికి ఆనించి చూడండి. ఎర్రని కాంతి మాత్రమే కొద్దిగా అవతలికి వస్తుంది. ఆకుపచ్చ కాంతి శరీరంలోకి కొన్ని మిల్లీమీటర్లకు మించి పోదు. కనుక లోతైన గడ్డలకు, దేహమంతా పాకిన రోగానికి ఈ వైద్యం చాలదు. పైగా గడ్డ లోపల ఆక్సిజన్ తక్కువగా ఉంటే మందు బలహీనపడుతుంది. లోహం లేని పాత తరం మందు ఫోటోఫ్రిన్ తీసుకున్న రోగి కనీసం 30 రోజులు ఎండకు, గాఢమైన వెలుతురుకు దూరంగా ఉండవలసి వస్తుంది.

మా శిష్యుడు మళ్లీ వచ్చినప్పుడు అతనితో ఇలా అన్నాము: “బేటా, నీవు విన్న విద్య అబద్ధం కాదు. కానీ నీ తల్లి రోగానికి సరిపడే లోహపు మందు ఇంకా అనుమతి పొందలేదు. నేడు ఆమెకు అందుతున్నది పరీక్షకు నిలిచిన వైద్యం. నడుమ ఆపితే గడ్డకు గడువిచ్చినట్లవుతుంది. వాంతుల సంగతి దాచకుండా డాక్టరుగారికి చెప్పు.”

పాఠక సోదర సోదరీమణులకు కూడా మా మనవి ఇదే. వెలుతురు వైద్యమని ఎవరైనా పిలిస్తే మూడు ప్రశ్నలు అడగండి. మందు పేరేమిటి? ఏ రోగానికి, ఏ దేశంలో అనుమతి ఉన్నది? పరీక్షే అయితే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా? ఆ నమోదు 2009 నుండి తప్పనిసరి. జవాబు రాని చోట డబ్బు కట్టవద్దు, సంతకం చేయవద్దు.

ఆ తల్లికి వాంతులు తగ్గించే మందును డాక్టరు మార్చారట. గత వారం రెండు పూటలా జావ తాగిందని కుమారుడు కబురు పంపాడు. ఇంకా రెండు ఇంజెక్షన్లు మిగిలి ఉన్నాయి. అల్లాహ్ ఆమెకు షిఫా ప్రసాదించుగాక.