సూర్యుని మచ్చలు - భూమిపై కఱవులు

2019 డిసెంబరులో ప్రారంభమైన సూర్యుని 25వ ఆవర్తము 2024లో ఉచ్చదశ నందుకొన్నది. ఆ సంవత్సరము మే 10, 11 తేదీలలో సూర్యునినుండి వెడలిన విద్యుత్కణముల వెల్లువ భూమియొక్క అయస్కాంత క్షేత్రమును తాకగా, సాధారణముగ ధ్రువప్రాంతములందే కానవచ్చు వింతకాంతి లడాఖునందలి హాన్లే ఆకాశమున సయితము ఎఱ్ఱగా గోచరించెను. ఇట్టి విశేషము జరిగినపుడెల్ల వానలకును కఱవులకును సూర్యుని మచ్చలే కారణమను పాతమాట మరల తలయెత్తుచుండును. ఆ మాటకు మన దేశముతో నొక విషాదసంబంధము గలదు. కావున దానిని విచారించుట యావశ్యకము.

ఈ మచ్చల రాకపోకలకొక క్రమము గలదని కనుగొన్నవాడు జర్మనీలోని డెస్సా పట్టణమున మందులంగడి నడపిన ష్వాబె. బుధునికంటెను సూర్యునికి చేరువగ నింకొక గ్రహమున్నదేమో యని ఆయన 1826 మొదలు 1843 వఱకు ఎండ కాసిన ప్రతిదినమును సూర్యబింబమును పరీక్షించి మచ్చలను లెక్కించెను. గ్రహము దొరకలేదు, కాని మచ్చలు పెరుగుటయు తరుగుటయు నొక చక్రమువలె నడచుచున్నదని తేలెను. పిదప వుల్ఫు అను పండితుడు పూర్వుల లెక్కలను గూర్చి, ఆ చక్రము సగటున 11 సంవత్సరములదని నిర్ణయించెను. 1755లో మొదలయిన చక్రమును ఒకటవదిగ నెంచి నేటికిని లెక్క నడచుచున్నది. ఆ లెక్క నిప్పుడు బ్రస్సెల్సు నగరమందలి వేధశాలవారు కాపాడుచున్నారు.

మచ్చ యనగా మాలిన్యము గాదు. అది మిక్కిలి బలమైన అయస్కాంతశక్తి కేంద్రీకృతమైన తావు. ఆ శక్తి లోపలి వేడిని పైకి రానీయక నిరోధించుటచే ఆ తావు చుట్టుపట్లకంటె చల్లనై నల్లగా కనబడును. ఈ రహస్యమును 1908లో అమెరికా పండితుడు హేలు వెల్లడించెను.

ఇక మన సంగతి. 1876లో వానలు తప్పి మదరాసు రాజధానిలో ఘోరక్షామము వచ్చెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములు దాని ధాటికి తల్లడిల్లెను. 1878 వఱకు దేశమున 50 లక్షలకు పైగా జనులు మడిసిరి. ఆ సమయముననే, 1877లో, ప్రభుత్వ గణాంకశాఖ కధిపతియైన హంటరును, శాస్త్రజ్ఞుడైన లాకియరును మచ్చలు తగ్గిన యేండ్లలో మదరాసున వానలు తగ్గునని ప్రకటించిరి. వారి విద్యాశ్రద్ధను మేము శంకింపము, ప్రశ్న అడుగదగినదే. కాని ఆ యేండ్లలోనే మన గోధుమ సీమకు ఎగుమతి యగుచుండెను. సహాయపు పనులలోని కూలీలకు దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని టెంపులు దొర నిర్ణయించెను. వాన తప్పుటకు కారణము ఆకాశమున నుండవచ్చును. ధాన్యము ఓడ లెక్కుటకు కారణమును ఆకాశముననే వెదకుదుమా? ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇచ్చట చక్కగ నన్వయించును.

ఆ యూహ పరీక్షకు నిలిచినదా? 1904 మొదలు 1924 వఱకు భారత వాతావరణశాఖ కధ్యక్షుడుగ నున్న గిల్బర్టు వాకరు వానలెక్కలను మచ్చలలెక్కలతో పోల్చి చూచి, వాన రాకను ముందుగ తెలుపుటకు ఆ సంబంధము చాలినంత బలమైనది కాదని తేల్చెను. ఒక చక్రములో సూర్యుని కాంతి మారునది వేయింట ఒక వంతు మాత్రమే. మన ఋతుపవనముల హెచ్చుతగ్గులపై అధిక ప్రభావము గల కారణము పసిఫిక్ మహాసముద్రమునందలి వేడిమి, గాలి ఒత్తిడుల మార్పని తరువాత తేలినది. ఆ త్రోవను తెరచినవారిలో వాకరే ప్రథముడు. కావున మచ్చలెక్క చూపి ఈ యేడు వాన ఇంతయని చెప్పువారిని రైతు నమ్మనక్కఱలేదు.

అట్లయిన ఈ లెక్క నిరర్థకమా? కాదు, దాని ప్రయోజనము వేఱు. మచ్చలు హెచ్చిన కాలమున సూర్యునియందు విస్ఫోటములు హెచ్చును. 1859 సెప్టెంబరునాటి తుఫాను తంతివార్తలను స్తంభింపజేసెను. బొంబాయి కొలాబా వేధశాల పరికరములు దానిని నమోదు చేసినవి. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్కున 60 లక్షల జనులు సుమారు 9 గంటలు విద్యుత్తు లేక యుండిరి. 2022 ఫిబ్రవరిలో ఒక్కసారి పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహములలో 38 నశించినవి. తీరమున తుఫాను హెచ్చరికయు, నడిసంద్రమున పల్లెకారునికి దారియు ఉపగ్రహములపై ఆధారపడిన నేటి కాలమున ఇది పండితుల వినోదము గాదు, ప్రజల క్షేమము.

ఈ కృషిలో మన భాగము అల్పము గాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణమును చూడ వచ్చిన ఫ్రెంచి పండితుడు జాన్సెను, సూర్యుని అంచున లేచు జ్వాలలను గ్రహణము లేనపుడును పరిశీలింపవచ్చునని మన గుంటూరుననే గ్రహించెను. క్షామకాలపు ప్రశ్నయే కొంతవఱకు ప్రేరకమై 1899లో కొడైకెనాలు వేధశాల పని ప్రారంభించినది. 1909లో ఎవర్షెడ్డు మచ్చలలో వాయువులు వెలుపలికి ప్రవహించుటను కనిపెట్టినది అచ్చటనే. అచ్చట 1904 మొదలు తీసిన సూర్యచిత్రములు నేడు కంప్యూటరు కెక్కి లోకమందలి పరిశోధకుల కెల్ల ఉపకరించుచున్నవి. మన శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరుకొన్నది.

కొత్త నౌకను పొగడుట సులభము. నూఱేండ్ల లెక్కను ఒక్కదినమైన తప్పక కొనసాగించుట కష్టము. మధ్య తెగిన లెక్కను ధనము పోసియు తిరిగి కొనజాలము. కావున పాలకులు వేధశాలల నిత్యకృత్యమునకు ధనలోపము రానీయరాదు. ఉన్నతపాఠశాలలలో దూరదర్శినినుండి తెల్లకాగితముపై బింబమును పడవేసి, కన్ను అటు త్రిప్పకుండ, విద్యార్థులచే మచ్చల పటము గీయింపవలెను. వట్టికంటితో సూర్యుని చూచుట చూపునకే ముప్పు.

సూర్యునివలన తెలిసికొనవలసినది సూర్యునినుండి తెలిసికొందము. చెఱువు పూడినను, గాదె యడుగంటినను, ఆ దోషమును మాత్రము ఆయనపై మోపక మనమే దిద్దుకొందము. వాన మన చేతిలో లేదు. వాన రాని యేట అన్నము పెట్టుట మన చేతిలో నున్నది.