కొనేవారి హక్కు, కుట్టేవారి కులం

రాయదుర్గం కోట కింద ఏ వీధిలో నడిచినా కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తుంది. దేశంలోనే వాన చినుకు అరుదైన జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో, వేరుశనగ చేను చేతికి రాని ఏళ్లలో ఈ ఊరి ఇళ్లను నిలబెట్టిన వాటిలో జీన్స్ ప్యాంటు ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతో పాటు రాయదుర్గం బళ్లారి జిల్లాను వీడి ఇటు వచ్చింది. సరిహద్దు మారింది కానీ సరుకు నడిచే దారి మారలేదు. బళ్లారి వైపు నుంచి గుడ్డ వస్తుంది, కుట్టిన ప్యాంటు తిరిగి వెళుతుంది. పీసుకు ఇంత అని కూలి. ఆ ప్యాంటు ఏ నగరపు షోరూములో ఏ పేరుతో వేలాడుతుందో కుట్టిన స్త్రీకి తెలియదు. దాన్ని తొడుక్కున్న విద్యార్థికి ఆమె సంగతి తెలియదు.

పెద్ద కంపెనీల గొలుసు దుకాణాల మీద మన సమాజంలో జరిగే చర్చ ఈ తెలియనితనాన్ని ముట్టుకోదు. 2006లో హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు తెరిచినప్పుడు చిల్లర వర్తకుల బతుకు గురించి మాట్లాడుకున్నాం. 2012 సెప్టెంబరులో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం తలుపు తెరిచింది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అందుకు సమ్మతించింది. ఆ నెల 20న భారత్ బంద్ జరిగింది. ఒక పక్షం కిరాణా కొట్టును కాపాడమంది. మరో పక్షం వినియోగదారుకు చౌక ధర కావాలంది. ఆ కొట్టు గుమ్మం దగ్గర ఎవరిని ఆపారు, ఆ చౌక ధర ఎవరి కూలిలోంచి వచ్చింది అన్న రెండు ప్రశ్నలు మాత్రం ఇరుపక్షాల ప్రసంగాల్లోనూ వినబడలేదు.

మొదటి ప్రశ్న మన రాజ్యాంగం అడిగినదే. దుకాణాల్లోకి, హోటళ్లలోకి ప్రవేశించడానికి కులం అడ్డు కారాదని 15వ అధికరణంలోని రెండో ఖండం శాసించింది. ఒక దేశపు ప్రాథమిక హక్కుల్లో ‘దుకాణం’ అన్న మాటకు చోటు దక్కిందంటే ఆ దేశపు అంగడి ఎలాంటిదో ఊహించవచ్చు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం చర్చకు వచ్చింది. దుకాణం అన్న మాటలో చాకిరేవు, క్షౌరశాల వంటివి కూడా వస్తాయా అని సభ్యులు అడిగారు. సేవను అందించే ప్రతివారికీ వర్తించే విస్తృతార్థంలోనే ఆ మాటను వాడామని అంబేద్కర్ బదులిచ్చారు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం కారణంగా సరుకు అమ్మ నిరాకరించడాన్ని నేరం చేసింది. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి మీద దళితులు చేసిన పోరాటాలను మనం కుల సమస్య కింద జమకట్టాం. నిజానికి అవి ఈ దేశపు తొలి వినియోగదారుల ఉద్యమాలు కూడా. సరుకు నాణ్యత గురించి, తూకం గురించి మాట్లాడే అవకాశం దక్కాలంటే ముందు గుమ్మం దాటాలి కదా!

ఈ చరిత్ర తెలిసినవారికి ‘మన ఊరి కొట్టు’ అన్న మాట అంత తీయగా వినిపించదు. బుట్ట చేతబట్టి అల్మరాల మధ్య తిరిగి, ముద్రించిన ధర చెల్లించి బయటికి వచ్చే పెద్ద దుకాణంలో కులం అడిగేవారు లేరు. ఇది చిన్న విషయం కాదు. మార్కెట్టు కులాన్ని కరిగిస్తుందని చంద్రభాన్ ప్రసాద్ వంటి ఆలోచనాపరులు వాదించడానికి ఇటువంటి అనుభవాలే ఆధారం. ఆయన, దేవేశ్ కపూర్, లాంట్ ప్రిచెట్, శ్యాంబాబు కలిసి ఉత్తరప్రదేశ్‌లోని రెండు బ్లాకుల దళిత కుటుంబాల జీవితాన్ని 1990, 2007 సంవత్సరాల మధ్య పోల్చి 2010లో ఒక అధ్యయనం వెలువరించారు. తిండిలో, వాడే వస్తువుల్లో, విందుల్లో వేరు పంక్తి పెట్టడం వంటి ఆచారాల్లో పెద్ద మార్పు వచ్చిందని అది నమోదు చేసింది. ఈ వాదాన్ని కొట్టిపారేయడం అన్యాయం. అయితే అది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కొనేవారి కులం అడగని దుకాణంలో నేల తుడిచేవారెవరు, సంచులు మోసేవారెవరు, యజమాని ఎవరు అని చూస్తే పాత నిచ్చెన మళ్లీ కనబడుతుంది. పైగా ఎన్నికల్లో మనిషికి ఒక ఓటు, బజారులో రూపాయికి ఒక ఓటు. కొనుగోలు శక్తినే పౌరసత్వంగా భావిస్తే, భూమీ కొలువూ దక్కని కులాలు అక్కడ కూడా మైనారిటీగానే మిగులుతాయి.

బహిష్కరణ అనే ఆయుధాన్ని కూడా ఈ కొలబద్దతోనే పరీక్షించాలి. కంపెనీ సరుకు కొనవద్దన్న పిలుపు విద్యార్థి లోకానికి ఉత్సాహం కలిగిస్తుంది. కానీ తెలుగు నేల మీద ‘బహిష్కరణ’ ఎక్కువగా పైనుంచి కిందికి దిగిన మాట. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపడానికి ముందు పొలం పనులకు పిలవకుండా వారిని సాంఘికంగా వెలివేశారు. 1924లో అంబేద్కర్ స్థాపించిన సంస్థ పేరు బహిష్కృత హితకారిణి సభ. 1927లో ఆయన నడిపిన పత్రిక పేరు బహిష్కృత భారత్. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో స్పష్టంగా నేరంగా చేర్చడానికి 2015 సవరణ దాకా ఆగవలసి వచ్చింది.

నిన్నమొన్నటి అనుభవం కూడా ఇదే చెబుతోంది. 2025లో సికింద్రాబాదు మోండా మార్కెట్టులో ఒక దళిత యువకుడిపై వర్తకులు దాడి చేశారన్న ఆరోపణ తరువాత, ఆగస్టు నాటికి తెలంగాణలో ‘మార్వాడీ గో బ్యాక్’ నినాదం హోరెత్తింది. వర్తక సంఘాలు బంద్‌లకు దిగాయి. కొద్ది రోజుల్లోనే చర్చ బయటి వర్తకుడికీ స్థానిక వర్తకుడికీ మధ్య పోటీగా మారింది. మొదట ఫిర్యాదు చేసిన దళితుడి ఆత్మగౌరవం వెనక్కి పోయింది. దుకాణం ఏ రాష్ట్రంవాడిదన్న ప్రశ్న ముందుకొచ్చి, ఆ దుకాణంలో దళితుడికి దక్కే మర్యాద ఏమిటన్న ప్రశ్నను మింగేసింది. ఒక సమూహాన్ని మొత్తంగా గురిచూసే బహిష్కరణ కులాన్ని ప్రశ్నించదు, కులం పద్ధతినే అరువు తెచ్చుకుంటుంది.

మరి వినియోగదారుడు చేతులు ముడుచుకోవాలా? అక్కరలేదు. పొరుగున తమిళనాడు ఒక దారి చూపింది. 2021 జనవరిలో దిండిగల్ జిల్లాలోని ఒక వస్త్ర కర్మాగారంలో పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజరు. ఆ కర్మాగారం హెచ్ అండ్ ఎమ్ వంటి అంతర్జాతీయ బ్రాండ్లకు దుస్తులు కుట్టేది. దళిత మహిళల నాయకత్వంలో నడిచే తమిళనాడు వస్త్ర, సాధారణ కార్మిక సంఘం పోరాటానికి దిగింది. విదేశాల్లోని కార్మిక హక్కుల సంస్థలు తోడు నిలిచాయి. 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం కుదిరింది. లైంగిక హింసతో పాటు కుల వివక్ష కూడా అందులో చేరింది. కార్మిక స్త్రీలే కర్మాగారంలో పర్యవేక్షకులుగా ఉంటారు. యాజమాన్యం మాట తప్పితే బ్రాండు చర్య తీసుకోవాలి. ఇది చట్టపరంగా కట్టుబడవలసిన ఒప్పందం. కొనవద్దన్న పిలుపుతోనే ఆగి ఉంటే బ్రాండు వేరే ఊరు వెతుక్కునేది, ఆ స్త్రీలు వీధిన పడేవారు. కొనుగోలుదారు ఒత్తిడి కార్మికుల సంఘం చేతికి అందింది కనుకనే అది ఒప్పందంగా మారింది.

రాయదుర్గానికి ఈ దారి అంత సులువు కాదు. దిండిగల్‌లో నాలుగు గోడల కర్మాగారం ఉంది, నిలదీయడానికి పేరున్న బ్రాండు ఉంది. ఇక్కడ పని చిన్న యూనిట్లలో, ఇళ్లలో చెదిరి ఉంది. మధ్యవర్తి వెనుక మరో మధ్యవర్తి ఉంటాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట 10 మంది ఉంటేనే కర్మాగారంగా గుర్తించింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. అంటే చట్టం గడప ఇంకా ఎత్తయింది. ఇంటి నుంచి పనిచేసే శ్రామికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మన దేశం నేటికీ ఆమోదించలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 1986లోనూ, 2019లోనూ వచ్చింది. ప్యాంటు కుట్టు విడిపోతే అది కొన్నవారికి పరిహారం ఇప్పిస్తుంది. కుట్టినవారి కూలి తెగ్గోస్తే దానికి పట్టదు.

కనుక అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. పీసు రేటుకు కూడా కనీస వేతనం నిర్ణయించే అధికారం 1948 నాటి కనీస వేతనాల చట్టమే ప్రభుత్వానికి ఇచ్చింది. రాయదుర్గం కుట్టుపనికి ఆ రేటు ప్రకటించి, వీధి వీధినా తెలుగులోనూ కన్నడంలోనూ రాసిపెట్టాలి. ఇంట్లో కుట్టే స్త్రీలను కార్మికులుగా నమోదు చేసి గుర్తింపు కార్డు ఇవ్వాలి. పెద్ద దుకాణాలు తాము అమ్మే దుస్తులు చివరి కుట్టుయూనిట్టు దాకా ఎక్కడ తయారయ్యాయో ప్రకటించాలి. వినియోగదారుల సంఘాలు కల్తీ, తూకాల జాబితాలో కుల వివక్షను కూడా చేర్చుకోవాలి. కార్మిక సంఘాలు పీసు కూలీలను సభ్యులుగా చేర్చుకునే మార్గం వెతకాలి. ఊరి కొట్టునూ కార్పొరేట్ దుకాణాన్నీ ఒకే ప్రశ్నతో నిలదీయాలి: నీ గుమ్మంలో, నీ గల్లాపెట్టె దగ్గర, నీ సరుకు తయారైన చోట కులం ఏం చేస్తోంది?

డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం జరుపుకునే కళాశాలలు ఈసారి ఆ సభకు ఒక కుట్టుపని స్త్రీని వక్తగా పిలవవచ్చు. కొన్నవారి హక్కుల గురించి చాలా ఉపన్యాసాలు విన్నాం. పీసు రేటు ఎవరు నిర్ణయిస్తారో, తగ్గించినప్పుడు ఎవరిని అడగాలో తెలియని మనిషి నోట ఒక్క ఉపన్యాసం విందాం. దుకాణం గుమ్మం దాటే హక్కును రాజ్యాంగం ఇచ్చింది. ఆ దుకాణపు సరుకు మీద మాట చెల్లించుకునే హక్కు కుట్టిన చేతికి ఇంకా రావలసే ఉంది.