ఫోన్‌లోని నీరుగంటి హిసాబ్

మన కొత్తచెరువు, పుట్టపర్తి వైపు పిల్లలు బీటెక్ చేసి బెంగళూరు చిప్ కంపెనీల్లో చేరితే, "ఏం పనమ్మా?" అని అడిగినవారికి తల్లులు "కంప్యూటర్ పని" అని ఊరుకుంటారు. అందులో ఒక పని గురించి చెబుతాను. దానిలో మన ఇళ్ల పైసల మస్లా ఉంది.

చెరువు కింద నీరుగంటిని మన బుజుర్గులు ఎరుగుదురు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత హక్కో ఆయనకు జబానీ వచ్చు. ఫోన్ చిప్‌లో నీటికి బదులు క్లాక్ పారుతుంది, అంటే సెకనుకు లక్షల, కోట్ల సార్లు కొట్టుకునే నాడి. తెర, కెమెరా, మెమరీ కార్డు, ఒక్కోదానికి ఒక్కో పిల్లకాలువ. వాడని కాలువ మూస్తే బ్యాటరీ మిగులుతుంది. లినక్స్ కెర్నల్‌లో డ్రైవర్ వచ్చి తన క్లాక్ అడుగుతుంది. కెర్నల్ లెక్క రాసుకుని తెరుస్తుంది. ఆఖరి వాడకందారు వదిలేదాకా పైకాలువ మూయదు.

బూటింగ్ చివర ఎవరూ అడగని క్లాకులను ఆపేస్తుంది. ఇన్సాఫే. కానీ బూట్‌లోడర్ వెలిగించిన తెరకు ఏ క్లాకులో ఎక్కడా రాసి లేకపోతే తెర కూడా ఆరిపోతుంది! ఆల్‌విన్నర్ చిప్పుల విషయంలో 2014లో డెవలపర్ల మధ్య దీనిపై పెద్ద బహస్ నడిచింది. చివరికి తెర వివరణలోనే దాని క్లాకులను రాసే పద్ధతి వచ్చింది. "వాడనివీ ఆపొద్దు" అనే ఆప్షన్ కూడా ఉంది. అది తూములన్నీ ఎత్తిపెట్టి నిద్రపోవడం. పరీక్షకు సరే, అమ్మే ఫోన్‌లో కాదు.

ఒకప్పుడు ఒక్కో చిప్‌కు క్లాక్ కోడ్ వేరు. 2012లో, 3.4 వెర్షన్‌తో, కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. ఏ పరికరానికి ఏ క్లాకో ఇప్పుడు ఎక్కువగా డివైస్ ట్రీ ఫైల్‌లో రాస్తున్నారు. ఆ ఖాతా బహిరంగంగా ఉండాలన్నది నా రాయ్. కెర్నల్ లైసెన్స్ జీపీఎల్. దాని ప్రకారం కొన్నవాడికి సోర్స్ అందాలి. అది హక్కు, ఖైరాత్ కాదు. చౌక టాబ్లెట్లు, టీవీ బాక్సులు అమ్మే కొందరు ఇవ్వరు. అప్‌డేట్లు ఆగాక ఎవరైనా కొత్త కెర్నల్ ఎక్కించాలన్నా, ఏ క్లాక్ దేనిదో తవ్వుకోవడంతోనే సరిపోతుంది. గల్ఫ్ నుంచి అబ్బా పంపిన రియాళ్లతో కొన్న టాబ్లెట్, లోపల అన్నీ సలామత్‌గా ఉండగానే అల్మారాలో పడుతుంది.

బెంగళూరు బేటాలూ, బేటీలూ, మీ చిప్ డివైస్ ట్రీని అసలు కెర్నల్‌లోకి పంపే మాట మీటింగ్‌లో ఎత్తండి. మేనేజర్ టైమ్ లేదంటే మళ్లీ వచ్చే వారం ఎత్తండి.