కక్ష్యకు హక్కుదారుడున్నాడు, శ్రోతకు దిక్కెవరు?

2009 డిసెంబర్ 31తో మన దేశంలో వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో మూగబోయింది. చందా కట్టి కొన్న రిసీవర్లు ఒక్క రాత్రిలో ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఆ రేడియోలో తెలుగు పాటలకు ‘స్పందన’ ఉండేది, కర్ణాటక సంగీతానికి ‘శ్రుతి’ ఉండేది. మన ప్రాంతం నుంచే వెళ్లిన కేంద్రమూ ఒకటుండేది. 2001 నవంబర్ 23న పుట్టపర్తి ప్రశాంతి నిలయంలో మొదలైన రేడియో సాయి గ్లోబల్ హార్మొనీ అది. పెనుకొండ, ధర్మవరాలకు దగ్గర్లో తయారైన కార్యక్రమాలు ఉపగ్రహం మీదుగా ఆసియా, ఆఫ్రికా ఖండాలకు చేరేవి.

వరల్డ్‌స్పేస్ అమెరికా కంపెనీ. 2008 అక్టోబర్‌లో అక్కడి కోర్టులో దివాలా రక్షణ కోరింది. చందాదారుల్లో అత్యధికులు భారతీయులే అయినా, సేవలు ఉండాలా పోవాలా అన్నది తేల్చడంలో వారి మాటకు విలువ లేకపోయింది. రేడియో సాయికి ఇంటర్నెట్ దారి దొరికింది. ‘స్పందన’ శ్రోతలకు అదీ లేదు.

దీన్ని ఒక కంపెనీ వ్యాపార వైఫల్యమని కొట్టిపారేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. అది కక్ష్యలు, తరంగాలు పంచే పద్ధతిలోనే ఉంది.

భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఒకే ఒక్క వలయంలో ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ కదలనట్టు కనిపిస్తుంది. మన హిందూపురం 77.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఇక్కడి మిద్దెల మీద టాటా ప్లే గొడుగు 83 డిగ్రీల స్థానాన్ని చూస్తుంది కాబట్టి దక్షిణం నుంచి కాస్త తూర్పుకు తిరిగి ఉంటుంది. డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల్లో ఉంది కాబట్టి దాని గొడుగు ఆగ్నేయానికి తిరుగుతుంది. వరల్డ్‌స్పేస్ వారి ఉపగ్రహం ఏషియాస్టార్ ఉండేది 105 డిగ్రీల్లో. దాని చిన్న యాంటెన్నాను ఇంకా తూర్పుకు తిప్పి, దాదాపు 54 డిగ్రీల ఎత్తుకు ఎక్కుపెట్టాల్సి వచ్చేది. ఏ ఇంటి గొడుగు ఎటు తిరగాలో నిర్ణయించేది జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌లో దేశాలు నమోదు చేయించుకున్న హక్కులు.

ఆ నమోదుకు రెండు దారులున్నాయి. టీవీ ప్రసారాల కోసం 1977లో ఒక ప్రణాళిక వేసి, అమెరికా ఖండాలు మినహా ప్రతి దేశానికీ కొన్ని స్థానాలు, చానళ్లు ముందే పక్కన పెట్టారు. ఉపగ్రహం ప్రయోగించే స్తోమత ఇప్పుడు లేకపోయినా రేపటికి వాటా మిగలాలన్నది అందులోని న్యాయం. రెండో దారిలో ముందొచ్చిన వాడిదే చోటు. రేడియో ఈ రెండో దారిన పడింది. 1992లో స్పెయిన్‌లో జరిగిన సదస్సు ఉపగ్రహ రేడియోకు 1452–1492 మెగాహెర్ట్జ్ కేటాయించింది. న్యాయంగా పంచడానికి 1998లోగా మరో సదస్సు జరపాలని, అప్పటిదాకా పైనున్న 25 మెగాహెర్ట్జ్ మాత్రమే వాడాలని తీర్మానించింది. ఆ పంపకాల సదస్సు జరగలేదు. 1998లోనే వరల్డ్‌స్పేస్ ఆఫ్రిస్టార్‌ను, 2000లో ఏషియాస్టార్‌ను ప్రయోగించి ఆ పైభాగంలోనే ప్రసారాలు మొదలుపెట్టింది.

మనకు అవకాశం లేక కాదు. అదే సదస్సులో 2310–2360 మెగాహెర్ట్జ్‌ను కూడా ఉపగ్రహ రేడియోకు ఇచ్చారు. ఆ హక్కు అమెరికాతో పాటు భారత్‌కూ దక్కింది. అమెరికాలో ఎక్స్‌ఎం, సిరియస్ ఆ తరంగాల మీదే లేచి నిలబడ్డాయి. మనం వాటి మీద ఒక్క రేడియో సేవ కూడా నడపలేదు. ఉపగ్రహ రేడియోకు నిబంధనలు ఎలా ఉండాలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లోనే సిఫార్సు చేసినా, వరల్డ్‌స్పేస్ మూతపడే నాటికి కూడా విధానం రాలేదు. చట్టం లేని చోట శ్రోత హక్కు అడిగే నాథుడు ఉండడు.

వరల్డ్‌స్పేస్ మూత ఇలాంటి దెబ్బల్లో మొదటిది కూడా కాదు. 1975 ఆగస్టు 1న మొదలైన ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 టీవీని తెచ్చింది. ఒకే చిత్రానికి రెండు భాషల ధ్వని జోడించే వీలు దానికి ఉండేది. తెలుగు, కన్నడం కలగలిసిన హిందూపురం లాంటి సరిహద్దు సీమకు ఇంతకంటే తగిన సాంకేతికత ఏముంటుంది! ఏడాది గడువు తీరగానే అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది. మన ఇన్‌శాట్-1బి 1983లో గానీ నింగికి చేరలేదు.

సొంత ఉపగ్రహం ఉంటే చాలని కూడా అనలేం. 2010 జులైలో ఇన్‌శాట్-4బికి విద్యుత్ లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆగిపోతే, సన్ డైరెక్ట్ 91.5 డిగ్రీల్లోని మలేసియా ఉపగ్రహానికి మారింది. కేవలం రెండు డిగ్రీల తేడా. దానికే ఇంటింటికీ మెకానిక్ ఎక్కి గొడుగు తిప్పాల్సి వచ్చింది. ఇటీవల ఏషియాశాట్-5, 7 ఉపగ్రహాలకు 2026 మార్చి వరకే అంతరిక్ష రంగ నియంత్రణ సంస్థ ఇన్‌-స్పేస్ అనుమతి ఇవ్వడంతో చానళ్లు వేరే ఉపగ్రహాలు వెతుక్కోవాల్సి వచ్చింది. విదేశీ ఉపగ్రహాల మీద అదుపు అవసరమే, ఆ నిర్ణయం సరైనదే. కానీ ప్రత్యామ్నాయ సామర్థ్యం సిద్ధం చేశాకే గడువు పెట్టడం ప్రతిసారీ నియమం కావాలి.

తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం డీటీహెచ్ వంటి ఉపగ్రహ సేవలకు వేలం లేకుండా తరంగాలు కేటాయించే వీలు కల్పించింది. ప్రజల ఆస్తిని వేలం లేకుండా ఇస్తున్నప్పుడు ప్రజల తరఫున షరతులు పెట్టే హక్కు కూడా ఉంటుంది. సేవ ఆపేముందు ముందస్తు గడువు, చందా వాపసు, ఆ ప్రాంత భాషకు కొంత చోటు తప్పనిసరి చేయాలి. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానళ్ల స్థానాలను ప్రసార భారతి వేలం వేస్తోంది. గెలిచేవి ఎక్కువగా హిందీ చానళ్లే. నెలవారీ చందా భరించలేక ఫ్రీ డిష్ పెట్టుకున్న తెలుగు ఇంట్లో తెలుగు కరవవుతోంది. ప్రజాధనంతో నడిచే వేదిక మీద ఇది సమ్మతం కాదు.

మగ్గం మీద కూర్చున్న ధర్మవరం నేతన్నకు చేతులూ కళ్లూ పోగు మీదే ఉంటాయి, ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. అలాంటి వారికి టీవీ కంటే రేడియో దగ్గరి తోడు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో హిందూపురం, ధర్మవరం రెండూ ఉన్నాయి. ఆకాశంలో మనం రాయించుకోలేకపోయిన షరతులను ఈ నేల మీది లైసెన్సుల్లోనైనా రాయించాలి. స్థానిక కార్యక్రమాలకు నిర్ణీత సమయం ఉండాలి, చెప్పాపెట్టకుండా మూసేస్తే జరిమానా పడాలి. ఈ రెండింటి కోసం జిల్లా ప్రజాప్రతినిధులు పట్టుబట్టాలి.